బెంగళూరు నుంచి దూర ప్రయాణాలకు ఏ బైకు కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో స్థిరపడిన మన తెలుగువాళ్లలో చాలామందికి సొంతూరు బైకు మీద వెళ్లగలిగినంత దూరంలోనే ఉంటుంది. అనంతపురం సుమారు 210 కిలోమీటర్లు, తిరుపతి 250, కర్నూలు 360, హైదరాబాదు 570. పండక్కి బస్సు టికెట్టు దొరకనప్పుడు మొదలైన ప్రయాణం, రెండు మూడుసార్లు వెళ్లొచ్చాక ఇష్టంగా మారుతుంది. అప్పుడే “ఇప్పుడున్న బండి చాలదు, దూరానికి పనికొచ్చేది ఏది తీసుకోవాలి?” అన్న ప్రశ్న వస్తుంది. ఎలహంకలో ఉంటూ చాలా ఏళ్లుగా ఈ దారుల్లో తిరుగుతున్నందువల్ల నన్ను మిత్రులూ, బంధువుల పిల్లలూ అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు నేను చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ కూర్చాను. బైకుల కొలతలు కంపెనీలు ప్రకటించినవి. కొత్త నమూనాలు వచ్చినప్పుడు అవి కొద్దిగా మారుతుంటాయి కాబట్టి కొనే రోజున షోరూములో మరొకసారి సరిచూసుకోండి.

టూరింగ్ బైకు అంటే ఏది? అడ్వెంచర్, క్రూయిజర్ అనేవి వేరా?

పేర్లు కంపెనీలు పెట్టుకున్నవే అయినా, వాటి వెనక కూర్చునే భంగిమలో నిజమైన తేడా ఉంది. క్రూయిజర్‌లో సీటు కిందికి, పాదాలు ముందుకు ఉంటాయి. వెన్ను నిటారుగా, కొన్నిసార్లు కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. అడ్వెంచర్ బైకులో సీటు ఎత్తు, హ్యాండిల్ వెడల్పు, పాదాలు సరిగ్గా మోకాళ్ల కింద ఉంటాయి, గుంతలు వస్తే లేచి నిలబడి నడపవచ్చు. స్పోర్ట్స్ టూరర్ అనేదానిలో శరీరం కొద్దిగా ముందుకు వంగి, గాలి ఛాతీకి కాకుండా అద్దానికి తగిలేలా ఉంటుంది.

వీటిలో మన రోడ్లకు నేను ముందు చూడమని చెప్పేది అడ్వెంచర్ భంగిమనే. క్రూయిజర్ మొదటి గంటలో అన్నింటికంటే హాయిగా అనిపిస్తుంది, కానీ పాదాలు ముందుకు ఉండటం వల్ల గుంత వచ్చినప్పుడు కాళ్ల మీద బరువు వేసి లేవడం కుదరదు, ఆ దెబ్బంతా నేరుగా నడుముకే చేరుతుంది. నాలుగు లైన్ల రహదారి దిగి ఊరి రోడ్డు ఎక్కగానే ఈ తేడా తెలిసిపోతుంది.

దూర ప్రయాణానికి కనీసం ఎన్ని సీసీలు ఉండాలి?

అందరూ ముందు అడిగేది ఇదే, అందుకే దీనికి కాస్త వివరంగా జవాబు చెప్పాలి. 2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం నాలుగు లైన్ల రహదారుల మీద ద్విచక్ర వాహనాలకు పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. అంటే మీరు చట్టం ప్రకారం నడిపే వేగానికి 150 సీసీ బండి శక్తి కూడా సరిపోతుంది. మరి పెద్ద ఇంజను ఎందుకంటే, ఆ 80ని ఎంత సులువుగా నిలబెడుతుందనేదే అసలు తేడా. చిన్న ఇంజను ఆ వేగానికి తన బలమంతా పెట్టి అరుస్తూ తిరుగుతుంది, పెద్దది సగం బలంతో నెమ్మదిగా తిరుగుతుంది. ఆ అరుపు, ఆ వణుకు గంటల తరబడి చేతుల్లోకీ పాదాల్లోకీ ఎక్కుతుంటే మనిషి అలసిపోతాడు.

రెండో కారణం గాలి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే 80 నుంచి 100కి వెళ్లాలంటే వేగం పెరిగేది పాతిక శాతమే అయినా, గాలిని చీల్చడానికి ఇంజను పెట్టవలసిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. మైలేజీ అక్కడే పడిపోతుంది. వెనక ఒక మనిషి, రెండు పక్కలా సంచులు ఉన్నప్పుడు ఎదురుగాలిలో లారీని దాటాలంటే చేతిలో మిగులు శక్తి ఉండాలి. ఆ మిగులు కోసమే పెద్ద ఇంజను కావాలి. గంటకు 140తో దూసుకుపోవడానికి కాదు.

ఒక్కరే, తేలికపాటి సామానుతో, 80 దగ్గర వెళ్లేవారికి 20 నుంచి 26 హార్స్‌పవర్ చాలు. ఇద్దరు మనుషులు, సామాను, ఘాట్ రోడ్లు ఉంటే 40 దగ్గర ఉన్నది మంచిది. అంతకు మించినది అవసరం కాదు, ఇష్టం. ఇష్టం ఉండటంలో తప్పేమీ లేదు, కానీ దాన్ని అవసరమనుకుని అప్పు చేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

సింగిల్ సిలిండర్ మంచిదా, ట్విన్ సిలిండర్ మంచిదా?

ఒకే సిలిండరులో పెద్ద పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంటే పుట్టే కంపనాన్ని అణచడానికి ఇంజనులో బ్యాలెన్సర్ షాఫ్టు పెడతారు. అది కంపనాన్ని తగ్గిస్తుంది కానీ పూర్తిగా పోగొట్టలేదు. ఒక్కో సింగిల్ ఇంజనుకు ఒక వేగం దగ్గర కంపనం ఎక్కువగా ఉంటుంది, దానికి కాస్త అటూ ఇటూ తగ్గిపోతుంది. ఆ వేగం మీరు రోజంతా నడపాలనుకున్న వేగమే అయితే ఆ బండి మీకు సరిపడదు. ట్విన్ సిలిండర్‌లో పని రెండు పిస్టన్ల మధ్య పంచుకోవడం వల్ల నడక మెత్తగా ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ఇంజనులో క్రాంకును (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే కడ్డీని) 270 డిగ్రీల అమరికతో చేశారు. దాని చప్పుడు ప్రత్యేకంగా ఉండటానికీ, తక్కువ వేగంలోనూ లాగుడు బాగుండటానికీ ఆ అమరికతో సంబంధం ఉంది. అయితే ట్విన్ అంటే బరువు, ధర, సర్వీసు ఖర్చు మూడూ పెరుగుతాయి.

హిమాలయన్ 450, కేటీఎం 390 అడ్వెంచర్, డామినార్ 400: ఈ మూడింటిలో ఏది?

చాలామంది చివరికి ఈ మూడింటి దగ్గరికే వస్తారు. మూడూ సింగిల్ సిలిండర్, నీటితో చల్లబడే ఇంజన్లే. శక్తి 40 హార్స్‌పవర్ నుంచి 46 వరకు ఉంటుంది. స్వభావాల్లో మాత్రం మూడూ మూడు రకాల మనుషుల్లా ఉంటాయి.

2023 నవంబరులో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450లో 452 సీసీ ఇంజను 40 హార్స్‌పవర్, 40 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. బరువు 196 కిలోలు, ట్యాంకు 17 లీటర్లు, ముందు చక్రం 21 అంగుళాలు, ముందూ వెనకా సస్పెన్షన్ 200 మిల్లీమీటర్లు కదులుతుంది. పాత హిమాలయన్ 411లాగా తక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర బరువైన లాగుడు ఇందులో ఉండదు. గేరు ఒకటి తగ్గించి ఇంజనును కాస్త తిప్పాలి, అప్పుడు దాని బలం బయటపడుతుంది. పాత బండికి అలవాటు పడినవాళ్లకు మొదటి వారం ఇది నచ్చకపోవచ్చు. తొందరపడి తీర్పు చెప్పవద్దు. ఊళ్లోకి వెళ్లే పాడైన రోడ్ల మీద ఈ మూడింటిలో దీని నడకే నాకు అన్నింటికంటే నచ్చింది.

కేటీఎం 390 అడ్వెంచర్ 2025లో కొత్త రూపంలో వచ్చింది. 399 సీసీ, 46 హార్స్‌పవర్, సుమారు 183 కిలోల బరువు. ఈ అంకెలను బట్టే అది ఎంత చురుకైనదో అర్థమవుతుంది. మలుపుల్లో, ఘాట్ రోడ్లలో, నంది కొండ లాంటి చోట దాన్ని నడుపుతుంటే దానితో పోటీ పడగలిగేది మిగతా రెండింటిలో లేదు. కానీ ట్యాంకు 14.5 లీటర్లే. ఆ ఇంజనుకు ఉత్సాహం ఎక్కువ కావడం వల్ల నెమ్మదిగా వెళ్లాలనుకున్నా వేగం పెరిగిపోతుంది. నడిపేవారి మనసు నిలకడగా ఉంటే ఇది చాలా మంచి బండి.

బజాజ్ డామినార్ 400ను చాలామంది ఇప్పటికీ సరిగా పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం. 373 సీసీ ఇంజను 40 హార్స్‌పవర్ ఇస్తుంది. బరువు 193 కిలోలు, ట్యాంకు 13 లీటర్లు, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. 2021 నుంచి పొడవాటి గాలి అద్దం, చేతులకు గార్డులు, వెనక కూర్చున్నవారికి ఆనుకునే దిమ్మె, సంచులు తగిలించే స్టాండు కంపెనీ నుంచే అమర్చి ఇస్తున్నారు. రెండు చక్రాలూ 17 అంగుళాల అల్లాయ్, ట్యూబ్‌లెస్ టైర్లు. బెంగళూరు–హైదరాబాదు జాతీయ రహదారి ఎన్‌హెచ్ 44 మీద మాత్రమే తిరిగేవారికి, గతుకుల మట్టిరోడ్ల అవసరం లేనివారికి ఇది తక్కువ ఖర్చులో పని పూర్తిచేసే బండి. బరువు కొంచెం ముందుకు ఉన్నట్టు అనిపించడం, ట్యాంకు చిన్నది కావడం దీని లోపాలు.

నన్ను ఒక్కటే చెప్పమంటే, మీ ఊరి చివరి 20 కిలోమీటర్లు ఎలా ఉంటాయో ముందు చెప్పమంటాను. అవి పాడైన రోడ్లయితే హిమాలయన్, తారురోడ్లే అయితే డామినార్, వారాంతాల్లో మలుపుల రోడ్లే మీ ఆనందమైతే కేటీఎం.

ఇంత డబ్బు పెట్టలేం. ఇంకాస్త తక్కువలో ఏముంది?

సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ గురించి తప్పక చెప్పాలి. 249 సీసీ, ఆయిల్‌తో చల్లబడే ఇంజను, 26.5 హార్స్‌పవర్, 167 కిలోల బరువు. మైలేజీ బాగా ఇస్తుంది, ఇంజను నెమ్మదిగా, నమ్మకంగా పనిచేసుకుపోతుంది. ఒంటరిగా వెళ్లేవారికి, కొత్తగా దూర ప్రయాణాలు మొదలుపెట్టేవారికి నేను ఎక్కువగా సూచించేది దీన్నే. సీటు 835 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, కానీ బండి తేలిక కాబట్టి ఆ ఎత్తు అంతగా భయపెట్టదు. ఇద్దరితో, నిండు సామానుతో ఘాటు ఎక్కేటప్పుడు మాత్రం ఓపిక పట్టాలి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 మరో దారి. 349 సీసీ, 20 హార్స్‌పవర్, 27 న్యూటన్ మీటర్లు, 191 కిలోలు, 765 మిల్లీమీటర్ల సీటు. 80 నుంచి 90 మధ్య ఇది హాయిగా సాగిపోతుంది, దాన్ని దాటితే ఇంజను కష్టపడుతున్నట్టు తెలుస్తుంది. అనంతపురం, కర్నూలు, నంద్యాల లాంటి చోట్ల కూడా దీని పని తెలిసిన మెకానిక్కు దొరుకుతాడు. ఊరికి దూరంగా బండి ఆగిపోయినప్పుడే ఆ విలువ తెలుస్తుంది.

650 సీసీ బండి తీసుకుంటే జీవితాంతం సరిపోతుంది కదా?

చాలామందికి సరిపోతుంది. కానీ రోజూ ఆఫీసుకు కూడా అదే బండి అయితే ఆలోచించుకోవాలి. సూపర్ మీటియర్ 650 బరువు 241 కిలోలు. హైవే మీద ఆ బరువే బండిని నిలకడగా పట్టి ఉంచుతుంది, మారతహళ్లి ట్రాఫిక్‌లో, అపార్టుమెంటు సెల్లారు వాలులో వెనక్కి నెట్టేటప్పుడు అదే బరువు భారమవుతుంది. 740 మిల్లీమీటర్ల సీటు వల్ల పాదాలు పూర్తిగా నేలకు ఆనతాయి కాబట్టి పొట్టివారికీ ఇది కుదురుతుంది. ఇంటర్‌సెప్టర్ 650 ఇంకాస్త తేలిక, కానీ ట్యాంకు 13.7 లీటర్లే. హోండా ఎన్‌ఎక్స్ 500, కవాసాకి వెర్సిస్ 650 లాంటివి దూరానికి చక్కగా కుదిరే బండ్లే. 21 లీటర్ల ట్యాంకున్న వెర్సిస్ మీద బెంగళూరులో నింపుకుని బయలుదేరితే కర్నూలు వరకు బంకు గురించి ఆలోచించనవసరం లేదు. అయితే వాటి సర్వీసు కేంద్రాలు పెద్ద నగరాలకే పరిమితం. గుత్తి దగ్గర క్లచ్ కేబుల్ తెగితే ఏం చేస్తారో ముందే ఆలోచించుకుని కొనండి.

నా ఎత్తు తక్కువ. ఎత్తైన సీటున్న బండి నడపగలనా?

కేవలం సీటు ఎత్తు అంకె చూసి వెనక్కి తగ్గిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ అంకె పూర్తి నిజం చెప్పదు. సీటు ముందుభాగం సన్నగా ఉంటే కాళ్లు నేరుగా కిందికి దిగుతాయి, వెడల్పుగా ఉంటే అదే ఎత్తులో కాళ్లు పక్కలకు విడిపోయి పాదం నేలకు అందదు. మెత్తటి సస్పెన్షన్ ఉన్న బండి మీరు కూర్చోగానే కొంత కిందికి దిగుతుంది. అందుకే 825 మిల్లీమీటర్ల హిమాలయన్ మీద కొందరికి పాదం అందుతుంది, అంతకంటే తక్కువ అంకె ఉన్న మరో బండి మీద అందకపోవచ్చు. హిమాలయన్‌కు 805 మిల్లీమీటర్ల పొట్టి సీటు కూడా విడిగా దొరుకుతుంది.

రెండు పాదాలూ పూర్తిగా ఆనాలన్న నియమం ఏమీ లేదు. ఒక పాదం గట్టిగా ఆని, రెండో పాదం వేళ్లు తగిలితే చాలు. ఆగేటప్పుడు ఏ కాలు దింపాలో అలవాటు చేసుకోవాలి. కానీ నిండా సామాను పెట్టి, వెనక మనిషిని ఎక్కించుకుని, కంకర మీద వాలులో ఆపి చూసుకోకుండా ఈ విషయంలో తుది నిర్ణయం తీసుకోవద్దు. షోరూము గచ్చు మీద అందిన పాదం రోడ్డు అంచున అందకపోవచ్చు. షోరూము వారు సస్పెన్షన్ కిందికి దించే లింకులు అమరుస్తామంటే ఒప్పుకోవడానికి ముందు వారంటీ మీద దాని ప్రభావం అడిగి రాయించుకోండి. నా మటుకు ఆ పని చేయవద్దనే అంటాను, ఎందుకంటే దాంతో బండి కింద ఖాళీ తగ్గుతుంది, సైడ్ స్టాండు కోణం మారుతుంది.

వెనక కూర్చునేవారి సంగతి ఏమిటి?

దీన్ని బండి కొన్నాక ఆలోచించేవారే ఎక్కువ. నేనూ అదే తప్పు చేశాను. ఒక షోరూములో పది నిమిషాలు ఒంటరిగా నడిపి చూసి ఒక బండి తీసుకున్నాను. మా ఆవిడను ఎక్కించుకుని మొదటిసారి ఊరికి బయలుదేరితే, పెనుకొండ దాటేసరికి ఆమెకు మోకాళ్లు పట్టేశాయి, అనంతపురంలో దిగి నడవడానికి ఇబ్బంది పడింది. తప్పు బండిది కాదు. వెనక ఫుట్‌రెస్టులు ఎత్తుగా ఉన్నాయి, సీటు ఇరుకుగా ఉంది, ఆ రెండూ నేను చూడలేదు. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా, రోజూ వెనక కూర్చునే మనిషి లేకుండా షోరూముకు వెళ్లవద్దంటాను.

చూడవలసినవి వెనక సీటు వెడల్పు, మోకాలు వంగే కోణం, పట్టుకోవడానికి గట్టి కమ్మీ, ఆనుకోవడానికి ఏదైనా ఆధారం. సూపర్ మీటియర్ టూరర్ రకానికీ డామినార్‌కూ ఈ ఆధారం కంపెనీ నుంచే ఉంది. హిమాలయన్ వెనక సీటు పర్వాలేదు. కేటీఎంలో వెనక సీటు దూరానికి చిన్నదే అనిపిస్తుంది. నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఎక్కించుకుంటే పట్టీ, హెల్మెట్ తప్పనిసరి, వేగం 40 దాటకూడదని నిబంధన ఉంది. చంటిపిల్లలతో దూర ప్రయాణానికి బైకు వద్దు, బస్సో రైలో చూసుకోండి.

ట్యాంకు ఎంత పెద్దదైతే అంత మంచిదా? ఇథనాల్ పెట్రోలు సంగతేమిటి?

ఎన్‌హెచ్ 44 మీద బంకులకు కొరత లేదు కాబట్టి, ట్యాంకు కోసమే బండిని ఎంచుకోవలసిన పని లేదు. లెక్క మాత్రం వేసుకోండి. లీటరుకు 28 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 17 లీటర్లకు 476 కిలోమీటర్లు, 13 లీటర్లకు 364. చివరి రెండు లీటర్లను వాడకూడదనుకుంటే రెండోది 308కి దిగుతుంది. మనిషికి ఎలాగూ రెండు గంటలకొకసారి దిగి కాళ్లు చాపుకోవాలి కాబట్టి అది చాలు. నల్లమల అడవి, గండికోట చుట్టుపక్కల చిన్న రోడ్లు తిరగాలనుకునేవారికే పెద్ద ట్యాంకు నిజంగా ఉపయోగం.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. అది తేమను పీల్చుకుంటుంది కూడా. కాబట్టి బండిని వారాల తరబడి కదపకుండా ఉంచితే ట్యాంకు ఖాళీగా వదిలేయవద్దు. కొన్నేళ్ల కిందటి పాత బండి కొంటున్నట్టయితే రబ్బరు పైపులు, ఇంధన పంపు ఎలా ఉన్నాయో మెకానిక్కుతో చూపించండి.

ట్యూబ్ టైర్లా, ట్యూబ్‌లెస్సా?

హైవేకు ట్యూబ్‌లెస్. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. మేకు గుచ్చుకున్నా గాలి నెమ్మదిగా దిగుతుంది, రోడ్డు పక్కన మీరే పది నిమిషాల్లో ప్లగ్ పెట్టుకోవచ్చు. ట్యూబ్ టైరైతే చక్రం ఊడదీయాలి. స్పోకు చక్రాలు కావాలనుకునేవారికి హిమాలయన్‌లో ట్యూబ్‌లెస్ స్పోకు చక్రాల రకం కూడా ఉంది, అదనపు ధర పెట్టి తీసుకోవడం మేలు. పంక్చరు కిట్టు, చిన్న గాలి పంపు సీటు కింద ఉంచుకోండి, ఒకసారి ఇంటి దగ్గరే వాడి చూసి నేర్చుకోండి.

ఏబీఎస్, రైడింగ్ మోడ్లు, ట్రాక్షన్ కంట్రోల్ అవసరమా?

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. అందులో రెండు చక్రాలకూ పనిచేసేదాన్నే తీసుకోండి. ఇంజను స్పందనను మార్చే రైడింగ్ మోడ్లు, వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే మంచివే కానీ వాటి కోసం బండిని మార్చవద్దు. మొబైలు ఛార్జింగుకు పోర్టు మాత్రం ఉండాలి.

ధరలో షోరూము ధర కాక ఇంకా ఏమేమి లెక్కించాలి?

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బైకులకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, 350 దాటినవాటికి 40 శాతమైంది. అంతకు ముందు పెద్దవాటికి సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది. అంటే 350 సీసీ గీతకు అటూ ఇటూ ధరల మధ్య అంతరం మునుపటి కంటే బాగా పెరిగింది. మీటియర్, వీ-స్ట్రామ్ లాంటివి ఇప్పుడు మరింత ఆకర్షణీయంగా కనిపించడానికి ఇదొక కారణం. దానిపై కర్ణాటకలో జీవితకాల రహదారి పన్ను ఉంటుంది, అది బండి ధరతోపాటు పెరుగుతుంది. కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ముందే కట్టాలి.

ఆపైన రక్షణ దుస్తులు. ఐఎస్ఐ గుర్తున్న మంచి హెల్మెట్లు రెండు, ప్యాడ్లున్న జాకెట్టు, చేతి తొడుగులు, చీలమండ కప్పే బూట్లు కలిపి కనీసం పాతిక వేలు పక్కన పెట్టుకోండి. జేసీ రోడ్డులో దుకాణాలు తిరిగి వేసుకుని చూసి కొనండి. అనంతపురం, కర్నూలు వేసవి ఎండలో నడిచేవారికి గాలి ఆడే మెష్ జాకెట్టే సరైనది. ఈ డబ్బు మిగలదనిపిస్తే బండి ధర ఒక మెట్టు తగ్గించుకోండి, జాకెట్టును కాదు.

ఆంధ్ర లేదా తెలంగాణ నంబరున్న పాత బండి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. కానీ 12 నెలలకు మించి కర్ణాటకలో ఉంచితే ఇక్కడి నంబరుకు మార్చుకోవాలి. పాత ఆర్టీవో కార్యాలయం నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, ఆ తర్వాత అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగాలి. తిరగవలసి ఉంటుంది, కాబట్టి ధర మాట్లాడేటప్పుడే ఈ ఖర్చును తగ్గించి అడగండి.

బండిని ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడండి. యజమాని ముందే స్టార్ట్ చేసి ఉంచితే మరో రోజు వస్తానని చెప్పండి. ముందు ఫోర్కుల మీద ఆయిల్ చెమ్మ, స్టీరింగ్ కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) వదులు, చైను స్ప్రాకెట్ల పళ్లు కొక్కేల్లా అరిగిపోవడం, బ్రేకు డిస్కు అంచున గాడి పడటం, ఇవన్నీ చేత్తో తడిమి తెలుసుకోగలిగినవే.

బైకులను అనుమతించని రోడ్లు ఉన్నాయా?

ఉన్నాయి, బండి ఎంపికకూ దీనికీ సంబంధం ఉంది. బెంగళూరు–మైసూరు ప్రధాన రహదారి మీద 2023 ఆగస్టు 1 నుంచి ద్విచక్ర వాహనాలకు నిషేధం, పక్కనున్న సర్వీసు రోడ్ల మీదే వెళ్లాలి. బందీపూర్ అడవి గుండా వెళ్లే రహదారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. కాబట్టి ఊటీ, వయనాడు వైపు ఎక్కువగా వెళ్లేవారు గ్రామాల మధ్య సర్వీసు రోడ్లలో, స్పీడ్ బ్రేకర్ల మీద గంటలు గడపాలి. అక్కడ బరువైన క్రూయిజర్ కంటే తేలికైన, సస్పెన్షన్ బాగున్న బండి నయం. హైదరాబాదు వైపు ఎన్‌హెచ్ 44లో ఇలాంటి ఇబ్బంది లేదు, జాతీయ రహదారుల టోల్ గేట్ల దగ్గర బైకులు డబ్బు కట్టనక్కర్లేదు కూడా. అయితే అక్కడ ఎదురుగా రాంగ్ సైడులో వచ్చే ట్రాక్టర్లు, డివైడరు సందుల్లోంచి దూసుకొచ్చే బైకులు, గొర్రెల మందలు ఉంటాయి. చీకటి పడ్డాక ఆ దారిలో నడపవద్దు.

టెస్ట్ రైడు ఎలా చేయాలి?

షోరూము వారిచ్చే పది నిమిషాల్లో తెలిసేది ఇంజను చప్పుడు, పికప్ మాత్రమే. మీ నడుము, మణికట్లు, మెడ ఏమంటాయో తెలియడానికి కనీసం మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే రెండు బండ్ల దాకా జాబితా తగ్గించుకున్నాక, వాటిని అద్దెకు ఇచ్చేవారి దగ్గర ఒక్కో శనివారం తీసుకోండి. నల్ల పలక మీద పసుపు అక్షరాలున్న నంబరు ప్లేటు ఉంటే అది అనుమతి ఉన్న అద్దె బండి. తెల్లవారుజామున బయలుదేరి చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా లేపాక్షి వెళ్లి రండి. పోనూ రానూ సుమారు 240 కిలోమీటర్లు. మీరు వెళ్లేటప్పుడు తీసుకెళ్లే మనిషినీ, సంచినీ తీసుకెళ్లండి.

దారిలో 80 దగ్గర 15 నిమిషాలు స్థిరంగా నడిపి అద్దాల్లో వెనక బండ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయా, అరచేతులకు తిమ్మిరి వస్తోందా చూడండి. గాలి అద్దం నుంచి వచ్చే గాలి ఛాతీకి తగిలితే ఫరవాలేదు, సరిగ్గా హెల్మెట్‌కు తగిలి తలను ఊపుతుంటే మెడ నొప్పి ఖాయం. ఇద్దరు మనుషులతో ఐదో గేరులో లారీని దాటి చూడండి. తిరుగు ప్రయాణంలో దేవనహళ్లి దాటాక, హెబ్బాళ ట్రాఫిక్‌లో ఇంజను వేడి కాళ్లకు ఎంత తగులుతోందో గమనించండి. ఆ రాత్రి పడుకునే ముందు ఒళ్లు ఎక్కడెక్కడ నొప్పిగా ఉందో కాగితం మీద రాసుకోండి. వచ్చే శనివారం రెండో బండి మీద అదే దారి, అదే సంచి, అదే మనిషి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఏది కొనాలో నన్ను అడగనవసరం ఉండదు.

ఇప్పుడున్న 150 సీసీ బండితోనే వెళ్లకూడదా?

తప్పకుండా వెళ్లవచ్చు. నా మొదటి నంద్యాల ప్రయాణం అలాంటి బండి మీదే. 70 దగ్గర నడిపి, ప్రతి గంటన్నరకూ ఆపి, చైనుకు ఆయిల్ వేసుకుంటూ వెళ్లాను. రెండేళ్లకు ఒకసారి ఊరికి వెళ్లేవారు కొత్త బండి కోసం లక్షలు పెట్టడం నేను ఒప్పుకోను. ఆ డబ్బులో కొంత మంచి టైర్లకు, హెల్మెట్‌కు, సీటు స్పాంజి మార్పించడానికి ఖర్చు పెట్టండి.

కొత్త బండి తీసుకున్నాక మొదటి దూర ప్రయాణం ఎప్పుడు?

మొదటి సర్వీసు అయ్యాక. సాధారణంగా అది 500 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, మీ బండి పుస్తకంలో రాసినదే ప్రమాణం. ఆ లోపు ఇంజనును ఒకే వేగం దగ్గర ఎక్కువసేపు తిప్పకుండా, గేర్లు మారుస్తూ నడపాలి. కొత్త ఇంజనులో లోహపు భాగాలు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలే సన్నటి పొడి ఆయిల్‌లో చేరుతుంది, మొదటి సర్వీసులో ఆ ఆయిల్ మార్చేది అందుకే. ఆ తర్వాత ఒక వారం ఊళ్లోనే తిప్పి, బోల్టులు వదులు కాలేదని, చైను బిగువు పుస్తకంలో చెప్పినంతే ఉందని, చల్లగా ఉన్నప్పుడు టైర్లలో గాలి సరిగ్గా ఉందని చూసుకోండి. సామాను ఎక్కిస్తే వెనక టైరు గాలి, సస్పెన్షన్ బిగువు పుస్తకంలో ఇద్దరికి రాసిన కొలతకు మార్చాలి. బరువైన వస్తువులను సంచుల్లో అడుగునా, బండి మధ్యకు దగ్గరగానూ పెట్టండి, రెయిన్ కోటు మాత్రం అన్నింటికంటే పైన ఉండనివ్వండి.